గదిలో ఒక్కడు, పాటలో పదిమంది

మూడేళ్ల క్రితం ఆఫీసులో పది రోజులు సెలవు పెట్టి గిటారు, లాప్‌టాప్, ఒక మైకు సర్దుకుని మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. ఆవిడ పోయాక ఆ ఇల్లు ఖాళీగానే ఉంటోంది. "ఒక్కడివే ఎందుకురా అక్కడికి?" అని అమ్మ అడిగితే, పాటలు చేసుకోవడానికి అని చెప్పడానికి సిగ్గేసింది. ఊళ్లో పొలం కాగితాలేవో చూసొస్తానని అబద్ధం ఆడాను. ముప్పై దాటిన మనిషి చెప్పుకునే సంగతా అది!

పదో రోజు తాళం వేసి బయల్దేరేటప్పుడు చూసుకుంటే మిగిలినవి ఇవీ: ముప్పై నలభై సెకన్ల ముక్కలు పదకొండు, ఒళ్లంతా దోమకాట్లు. పూర్తయిన పాట ఒక్కటీ లేదు.

ఆ ప్రయాణానికి కారణం ఒక ఆల్బమ్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ఆల్బమ్ చుట్టూ అల్లుకున్న కథ. ఇండీ సంగీతం వినేవాళ్లకి బాగా తెలిసిన కథే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. జస్టిన్ వెర్నన్‌ది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఓ క్లేర్ అనే ఊరు. చిన్ననాటి స్నేహితులతో కలిసి డియార్మండ్ ఎడిసన్ అనే బ్యాండ్ నడిపేవాడు. 2005లో అందరూ కలిసి నార్త్ కరోలినాలోని రాలీకి మకాం మార్చారు. ఏడాది తిరిగేసరికి బ్యాండ్ విడిపోయింది. ప్రేమ వ్యవహారమూ ముగిసింది. దానికి తోడు మోనోన్యూక్లియోసిస్ అనే జబ్బు చేసి, అది కాలేయం దాకా వెళ్లి, నెలల తరబడి మంచాన పడ్డాడు. 2006 చలికాలంలో సామాన్లు కారులో వేసుకుని తిరిగొచ్చి, అడవిలో వాళ్ల నాన్నకున్న వేట కాబిన్‌లో దిగాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. సుమారు మూడు నెలలు అక్కడే ఉన్నాడు. ఆల్బమ్ చేద్దామని వెళ్లలేదు. వచ్చేటప్పుడు మాత్రం 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో' పాటలు వెంట వచ్చాయి.

అదే చలికాలంలో నేను ఇంజనీరింగ్ ఫస్టియర్. ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లు పక్కవాడి దగ్గర దించుకుంటున్నాను. ఆ ఆల్బమ్ నా చెవిన పడింది ఉద్యోగంలో చేరాక, నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో. 37 నిమిషాలు, తొమ్మిది పాటలు. మా ఇంటి నుంచి ఆఫీసుకి సరిగ్గా సరిపోయేది. కొన్నాళ్లకి పాటల కంటే ఆ కాబిన్ ఎక్కువ గుర్తుండిపోయింది. మంచు, పొయ్యి, ఒక్క మనిషి, ఒక్క మైకు. మన దగ్గరా తపస్సు కథలకి కొదవ లేదు కదా. అడవికి వెళ్లినవాడికి ఏదో ఒకటి దొరికి తీరాలి. విశ్వామిత్రుడికి దొరికింది, వెర్నన్‌కి దొరికింది, నాకూ దొరుకుతుందనుకున్నాను.

దొరకలేదు కాబట్టి, తిరిగొచ్చాక ఆల్బమ్‌ని మళ్లీ విన్నాను. ఈసారి కథ పక్కన పెట్టి చెవులతో విన్నాను. అప్పుడు మొదట తట్టిన ప్రశ్న చాలా మామూలుది: ఒంటరితనం గురించిన ఆల్బమ్ అంటారే, మరి ఇందులో ఇంతమంది ఎందుకు పాడుతున్నారు?

వినండి. మొదటి పాట 'ఫ్లూమ్' నుంచే ఆ గొంతు ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని వెనక ఒకటి, గుడిలో భజన బృందంలాగా వస్తుంటుంది. అన్నీ వెర్నన్‌వే. ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ పాడి, పొరలు పొరలుగా పేర్చాడు. వాడిన మైకు ష్యూర్ ఎస్ఎమ్57. స్టేజీల మీద గిటార్ ఆంప్ ముందో స్నేర్ డ్రమ్ము దగ్గరో పెట్టే మైకు అది. ఖరీదైనదేం కాదు. గొప్ప స్టూడియోల్లో గాత్రానికి వాడే సున్నితమైన మైకుల జాతి కూడా కాదు. దానితోనే ఒక కోరస్‌ని కట్టాడు.

ఇక్కడ నా వృత్తి తెలివి ఒకటి బోర్లా పడింది, చెప్పుకోవాలి. అమ్మమ్మగారి ఇంట్లో నేనూ ఈ పొరల సంగతి ప్రయత్నించాను. ఒకసారి బాగా పాడిన ట్రాక్‌ని సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది కాపీలు తీసి పేర్చాను. రాసిన కోడ్‌ని మళ్లీ రాయడం ఏంటని అలవాటైన చెయ్యి కదా! ప్లే చేస్తే అదే గొంతు ఇంకాస్త గట్టిగా వినిపించింది, అంతే. కాపీ-పేస్ట్ చేస్తే శబ్దం పెరుగుతుంది, జనం పెరగరు. పదిమంది పాడినట్టు ఉండాలంటే పదిసార్లూ నిజంగా పాడాల్సిందే. ఒకసారి అక్షరం రవ్వంత ముందు పడాలి, ఒకసారి శ్రుతి వెంట్రుకవాసి జారాలి, ఒకసారి ఊపిరి చాలకపోవాలి. ఆ తేడాలే గుంపు. తప్పులన్నీ దిద్దేస్తే మళ్లీ ఒక్కడే మిగులుతాడు.

ఆ గొంతు కూడా గమనించాల్సిందే. డియార్మండ్ ఎడిసన్ రోజుల్లో వెర్నన్ కిందిస్థాయిలో, కాస్త బొంగురుగా పాడేవాడు. ఆ రికార్డింగులు విని వెంటనే ఇవి వింటే అదే మనిషని నమ్మబుద్ధి కాదు. ఇందులో దాదాపుగా అంతా ఫాల్సెట్టో, అంటే సహజమైన గొంతు వదిలేసి పైకెక్కి సన్నగా తీసే గొంతు. దానికి బరువు తక్కువ, గాలి ఎక్కువ. అందుకే ఎన్ని పొరలు వేసినా ఇరుగ్గా అనిపించదు. బ్యాండ్‌తో పాటు బ్యాండ్‌లో పాడిన గొంతునీ వదిలేసుకున్నాడన్నమాట.

ఇక మాటలు. వాటి విషయంలో అతను చెప్పిన పద్ధతి నన్ను బాగా ఆపింది. ముందు అర్థం లేని శబ్దాలతో బాణీ పాడి రికార్డు చేసేవాడు. తర్వాత ఆ రికార్డింగ్‌ని మళ్లీ మళ్లీ వింటూ, ఆ శబ్దాల్లో ఏ మాటలు దాక్కున్నాయో వెతికి రాసుకునేవాడు. మనకిది వింతేం కాదు. సినిమా పాటల్లో సంగీత దర్శకుడు 'తననా' అనో, నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో బాణీ ఇవ్వడం, కవి దాన్లో మాటలు కూర్చడం దశాబ్దాల నుంచీ ఉన్నదే. కచేరీలో తానం పాడేటప్పుడు 'అనంతం', 'ఆనందం' అనే మాటలు అరిగి అరిగి ఉత్త నాదంగా మారిపోతాయి. బతుకమ్మ దగ్గర 'ఉయ్యాలో' అనే మాటకి అర్థం ఎవరూ అడగరు. చుట్టూ తిరుగుతున్న అందర్నీ ఒకే అడుగులో పడేయడం దాని పని.

తేడా ఎక్కడంటే, మన సినిమా పాటలో బాణీ కట్టినవాడు ఒకడు, మాట రాసేవాడు ఇంకొకడు. మధ్యలో కథ ఉంటుంది, సందర్భం ఉంటుంది. వెర్నన్ దగ్గర రెండు కుర్చీల్లోనూ అతనే. సందర్భం చెప్పే దర్శకుడు లేడు. తన నోటి నుంచి తెలియకుండా వచ్చిన శబ్దాన్ని, ఎవరో పరాయివాడి మాట విన్నట్టు కూర్చుని వినాలి. అంటే పాట రాయడంలో కూడా అతనికి ఇంకో మనిషి కావాల్సి వచ్చాడు. దొరక్క, నిన్నటి తనని ఆ మనిషిగా పెట్టుకున్నాడు.

ఇదంతా కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: 'ఫర్ ఎమ్మా' ఒంటరితనంలోంచి పుట్టిన ఆల్బమ్ అనడం సగమే నిజం. పోయిన బ్యాండ్‌ని ఒక మనిషి తన గొంతులోంచి మళ్లీ తయారుచేసుకున్న ఆల్బమ్ ఇది. అందరూ ప్రేమ వైఫల్యం గురించి మాట్లాడతారు. నాకేమో అందులో స్నేహితులు పోయిన బాధే ఎక్కువ వినిపిస్తుంది. ఆల్బమ్‌లో 'టీమ్' అనే చిన్న పాట ఒకటి ఉంది. రెండు నిమిషాలు కూడా ఉండదు. దాన్లో మాటలు దాదాపు లేనే లేవు. ఆ పేరున్న పాటకే మాట దొరకలేదంటే ఏమనుకోవాలి? వెర్నన్ ఉద్దేశం అదేనని నేను వాదించను. నా చెవికి అలా తగిలింది, అంతే.

కాబిన్ కథలో మరుగున పడే సంగతులు ఇంకా ఉన్నాయి. వాళ్ల నాన్న మధ్యమధ్యలో వచ్చి సరుకులు ఇచ్చి వెళ్లేవాడు. టైటిల్ పాటలో వినిపించే ట్రంపెట్, ట్రాంబోన్ వేరేవాళ్లు ఊదినవి. వెర్నన్ వీటిని మొదట డెమోలనే అనుకున్నాడు. ఇలాగే వదిలెయ్, బాగున్నాయి అన్నది స్నేహితులు. 2007లో 500 సీడీలు సొంతంగా వేసుకున్నాడు. 2008 ఫిబ్రవరిలో జాగ్‌జాగువార్ అనే లేబుల్ అమెరికా అంతటా విడుదల చేసింది. ఆ మూడు నెలలకి ముందు స్కూల్ జాజ్ బ్యాండ్ దగ్గర్నుంచి పదేళ్ల సాధన ఉంది. 2012లో గ్రామీ వాళ్లు అతన్ని 'ఉత్తమ కొత్త కళాకారుడు' అన్నారు. అప్పటికి అతనికి ముప్పై నిండాయి.

చివరికి ఆ పేరు కూడా ఒక ఊరి జనం చెప్పుకునే పలకరింపే. జబ్బుతో పడుకున్నప్పుడు చూసిన 'నార్తర్న్ ఎక్స్‌పోజర్' అనే టీవీ సీరియల్లో, మొదటి మంచు పడ్డ రోజు అలాస్కా పల్లెలో అందరూ బయటికొచ్చి ఒకరికొకరు 'బాన్ ఈవేర్' అని చెప్పుకుంటారు. ఫ్రెంచిలో మంచి చలికాలం అని. ఆ మాట ఫ్రెంచి స్పెల్లింగులో ఉన్న 'హెచ్' చూస్తే తనని పీడించిన 'లివర్' గుర్తొస్తోందని ఆ అక్షరం తీసేశాడట. ఒంటరి మనిషి పెట్టుకున్న పేరు, నలుగురు కలిస్తే తప్ప అనలేని మాట.

ఆల్బమ్‌లో నాకు నచ్చనివి లేకపోలేదు. శబ్దం ముందు, మాట తర్వాత అనే పద్ధతికి ఖరీదుంటుంది. 'లంప్ సమ్' లాంటి పాటలో ఏదో గంభీరమైన సంగతి నడుస్తోందని తెలుస్తుంది గానీ, అదేమిటో ఎన్నిసార్లు విన్నా చేతికి అందదు. కొన్నిచోట్ల ఆ మసక నిజంగా మనసులోని మసకే. ఇంకొన్నిచోట్ల, తేల్చి చెప్పడానికి మొహమాటపడుతున్నాడేమో అనిపిస్తుంది. ఎమ్మా గురించి కూడా ఆల్బమ్ అయిపోయేసరికి మనకి తెలిసేది సున్నా. పాడేవాడి బాధకి పది గొంతులున్నాయి, ఆమెకి ఒక్కటీ లేదు. 'స్కిన్నీ లవ్'లో మాత్రం ఈ మసక చీలుతుంది. గొంతు పగిలేదాకా వెళ్లి, ఎదుటి మనిషిని నేరుగా నిలదీస్తుంది. అన్ని పాటల్లో అదే ఎక్కువమందికి చేరడం ఊరికే కాదు.

ఇంకో సంగతి. అడవిలో కాబిన్, వేటకి చోటు, మూడు నెలల తీరిక అందరికీ ఉండవు. కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, పక్కింటి కుక్కర్ కూతల మధ్య, దుప్పటి కప్పుకుని ఫోన్లో పాట రికార్డు చేసుకునే పిల్లలు నాకు తెలుసు. వాళ్లకి ఈ కథ చెప్పి, వెళ్లి ఒంటరిగా ఉండండి, పాట అదే వస్తుంది అనడం అన్యాయం. చెప్పాల్సింది ఆ పొరల సంగతి, ఆ వినడం సంగతి. అవి కుక్కర్ కూతల మధ్య కూడా చెయ్యొచ్చు.

'ది వూల్వ్స్' పాట కచేరీల్లో ఎలా పాడతాడో వీడియోల్లో చూశాను. చివర్లో వచ్చే ఒకే వాక్యాన్ని ప్రేక్షకుల చేత పాడిస్తాడు. మెల్లగా మొదలై, పెరిగి పెరిగి, హాలంతా అరుపుగా మారుతుంది. రికార్డులో తను ఒక్కడే పేర్చుకున్న గుంపు, అక్కడ నిజంగా వచ్చి నిలబడుతుంది. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాకూ కాలేజీలో ఒక బ్యాండ్ ఉండేది. నలుగురం. గొడవలేం పడలేదు. ప్లేస్‌మెంట్లు వచ్చాయి, అంతే. ఒకడు డాలస్, ఒకడు పుణె, ఇంకొకడు బ్యాంక్ ఉద్యోగంలో ఊరూరా. అమ్మమ్మగారి ఇంట్లో పది రోజులు నేను ఎదురుచూసింది పాట కోసం కాదేమో, వాళ్ల కోసమేమో. అది తెలియక గిటార్‌ని తిట్టుకున్నాను.

ఆ పదకొండు ముక్కల్లో ఒకటి తీసి మొన్న డాలస్‌ వాడికి పంపాను. మాటల్లేవు, ఉత్త లలలా. పన్నెండేళ్లలో మేం పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ తప్ప మాట్లాడుకున్నది లేదు. రెండు రోజులకి జవాబొచ్చింది. తెరిస్తే అక్షరం ముక్క లేదు, ఒక ఆడియో ఫైలుంది. నా ట్రాక్ మీదే వాడు పాడాడు. తాళం తప్పాడు, రెండోచోట శ్రుతి కూడా జారింది.

దిద్దలేదు. అలాగే ఉంచాను.