బంతితో ముందుకు నడిచే కెప్టెన్

2022 జూన్ 14. యుద్ధం వల్ల సొంతగడ్డ మీద ఆడలేని ఉక్రెయిన్, పోలండ్‌లోని వూచ్ నగరంలో ఐర్లండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలపడింది. పాసును మధ్యలోనే అందుకున్న ఐర్లండ్ సెంటర్ బ్యాక్, బంతిని పక్కవాడికిచ్చి తన చోటికి పోలేదు. అడ్డొచ్చినవాళ్లను తప్పించుకుంటూ దూసుకెళ్లి, కుడిపాదం వెలుపలి అంచుతో గోల్ కొట్టాడు. ఆ 21 ఏళ్ల కుర్రాడు నేథన్ కాలిన్స్. దేశం తరఫున అతడికి అదే తొలి గోల్.

గోల్ కన్నా ఆ పరుగే అతడి ఆట గురించి ఎక్కువ చెబుతుంది. ఈ రోజుల్లో ఎదుటి ఫార్వర్డులు పాసులు వెళ్లే దారులన్నీ మూసేసి మీదికొస్తారు. అప్పుడు సెంటర్ బ్యాక్ తానే బంతితో పది గజాలు ముందుకు నడిస్తే, అతణ్ని ఆపడానికి ఒక మిడ్‌ఫీల్డర్ తాను కాపు కాస్తున్నవాణ్ని వదిలి రాక తప్పదు. అలా ఖాళీ దొరికిన ఆటగాడికి బంతి అందుతుంది. వినడానికి సులువే. కానీ కాళ్ల దగ్గర బంతి పోయిందా, వెనక గోల్‌కీపర్ తప్ప దిక్కుండదు. అందుకే గుండె నిబ్బరం లేనివాడు బంతిని గట్టిగా బాది చేతులు దులుపుకుంటాడు.

కాలిన్స్‌ది డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్. తండ్రి డేవిడ్ కుర్రతనంలో లివర్‌పూల్ క్లబ్బులో ఉన్నాడు. పెదనాన్న ఈమన్ 14 ఏళ్లకే బ్లాక్‌పూల్ సీనియర్ జట్టుకు ఆడాడు. మీసాలు రాకముందే ఓడెక్కి ఇంగ్లండ్ క్లబ్బుల్లో చేరడం ఐర్లండ్‌లో తరాల ఆనవాయితీ. డేవిడ్ ఓలియరీ, రాబీ కీన్ అలా వెళ్లినవారే. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, 18 నిండనివాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. టీనేజిలోనే స్టోక్ సిటీకి వెళ్లిన కాలిన్స్ ఆ దారిన నడిచిన చివరి తరంవాడు.

2019లో, 18 ఏళ్లకే, స్టోక్ చరిత్రలో అతి పిన్న కెప్టెన్ అయ్యాడు. తర్వాత బర్న్‌లీ, వుల్వ్స్, 2023లో బ్రెంట్‌ఫర్డ్. మధ్యలో దుడుకుతనమూ లేకపోలేదు: 2022 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీ ఆటగాడు గ్రీలిష్ మీదికి కాలెత్తి, తొలి సగంలోనే రెడ్ కార్డుతో మైదానం వీడాడు. అదే మనిషి 2024-25 ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లూ ఒక్క నిమిషం వదలకుండా ఆడాడు. కెప్టెన్సీకి అరుపులకన్నా ఇదే గట్టి అర్హత అనాలి.

2024లో ఐర్లండ్ పగ్గాలు పట్టిన ఐస్‌లాండ్ కోచ్ హల్‌గ్రిమ్‌సన్, కెప్టెన్ షేమస్ కోల్‌మన్ వారసుడిగా అతణ్నే ఎంచుకున్నాడు. మరుసటి ఏడాది బ్రెంట్‌ఫర్డ్ కోచ్ కీత్ ఆండ్రూస్ కూడా అదే పని చేశాడు. ఆండ్రూస్ ఐరిష్‌వాడే, జాతీయ జట్టులో సహాయ కోచ్‌గా ఈ కుర్రాణ్ని దగ్గరగా చూసినవాడు.

పరీక్ష వెంటనే ఎదురైంది. 2025 సెప్టెంబరులో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో ఐర్లండ్ ఆర్మేనియా చేతిలో 2-1తో ఓడింది. విమర్శకులు కెప్టెన్‌నూ వదల్లేదు. నవంబరులో అదే జట్టు డబ్లిన్‌లో పోర్చుగల్‌ను 2-0తో, మూడు రోజులకే బుడాపెస్ట్‌లో హంగరీని 3-2తో ఓడించింది. రెండు మ్యాచ్‌ల్లో కలిపి ఐదు గోల్సూ ఫార్వర్డ్ ట్రాయ్ పారట్‌వే. 2006 నుంచి వరసగా ఐదు ప్రపంచ కప్‌లకు దూరమైన దేశం ఆ గెలుపులతో ప్లే ఆఫ్‌కు చేరింది.