కాలికి తెలియని బ్రేకు

బ్రిటన్‌లో సెలవులొస్తే కారు వెనక కారవాన్ తగిలించుకుని బయల్దేరే కుటుంబాల్లో మాదీ ఒకటి. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్‌తో అది టన్నుకు పైనే తూగుతుంది. దాన్ని ఆపడానికి మాత్రం నా కాలి కింద పెడల్ లేదు. నేను కారు బ్రేకు తొక్కితే వెనకున్న బరువు ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు కొక్కెం వెనక ఉన్న ఇనుప గొట్టం లోపలికి జరిగి, అడుగునున్న రాడ్డును, కేబుళ్లను లాగుతుంది. చక్రాల డ్రమ్ముల్లో బ్రేకు షూలు వెడల్పై ఒరుసుకుంటాయి.

కాబట్టి ఆ బ్రేకు సంగతి నడుముకే తెలియాలి. ఆపబోతే వెనక నుంచి గుద్దినట్టు కుదిపి, దడేల్‌మని చప్పుడైతే, కొక్కెం దగ్గరి డ్యాంపర్ అరిగి ఉండొచ్చు, బ్రేకులు వదులై ఉండొచ్చు. చిక్కేమిటంటే ఆ కుదుపు ఒక్కరోజులో రాదు. పిసరంత పిసరంతగా పెరుగుతుంటే, కాలు కూడా అందుకు తగ్గట్టు మెత్తగా తొక్కడం అలవాటు చేసుకుంటుంది. ‘నేనెప్పుడూ నిదానంగానే నడుపుతానండీ’ అనేవాళ్ల బళ్ల మీదే నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో ఆ కుదుపును పసిగట్టేది మా ఆవిడ. ఎప్పుడో గాని స్టీరింగ్ పట్టదు, పట్టిందా, మొదటి సిగ్నల్ దగ్గరే ‘ఏంటండీ, తోసేస్తోంది?’ అంటుంది.

దారిలో ఆగినప్పుడు కారవాన్ చక్రాల హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను, తాకకుండా. ఒకటి రెండోదానికంటే బాగా వేడెక్కితే అక్కడ షూ పట్టేస్తోందనో, బేరింగ్ పోతోందనో అర్థం. హ్యాండ్‌బ్రేకు వేశాక బండి వెనక్కి కొంచెం జరిగి పట్టుకుంటే కంగారక్కర్లేదు, అది రివర్సు కోసం పెట్టిన ఏర్పాటు. అలా జరిగాక కూడా పట్టకపోతేనే ఆలోచించాలి. చలికాలమంతా హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచితే షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోతాయి. చక్రాలకు దిమ్మెలు పెట్టి బ్రేకు వదిలేయడమే మేలు.

ఇక్కడ కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎం.ఓ.టి. పరీక్ష తప్పదు. సొంత కారవాన్‌కు అలాంటిదేమీ లేదు, సర్వీసు మన పూచీ. డ్రమ్ములు విప్పే పని నేను పెట్టుకోను. మా బండి హబ్ నట్టు ఒక్కసారికే పనికొస్తుంది, విప్పితే కొత్తది వేసి టార్క్ రెంచ్‌తో 290 న్యూటన్ మీటర్లకు బిగించాలి. అందుకే సర్వీసు బిల్లులో కొత్త నట్ల ఖరీదు కనబడకపోతే, డ్రమ్ములు అసలు విప్పారా అని అడుగుతాను.