సీసా మారిస్తే ఈగా మారుతుంది

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో బత్తాయి గుట్టల మీద పండు ఈగలు ఎన్ని కావాలంటే అన్ని. మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. మా మీర్‌పేట్‌లో తోపుడుబండి మీద మిగలపండిన అరటి అత్తాల చుట్టూ ఈగలు మాత్రం ఇంకా ముసురుతూనే ఉన్నాయి.

జువాలజీ చెప్పుకుని బతికినవాణ్ణి, ఈ పండు ఈగను, అంటే డ్రోసోఫిలాను పెంచడం నాకు వంటపనిలాగే అలవాటు. మొక్కజొన్న రవ్వ, బెల్లం, ఈస్ట్, అగర్ కలిపి ఉడికించాలి. దించి కాస్త చల్లారాక, బూజు పట్టకుండా రెండు చుక్కల ప్రొపియోనిక్ ఆమ్లం. ఈగల్ని వదిలి దూది బిరడా పెడితే, 25 డిగ్రీల్లో సుమారు పది రోజులకు గుడ్డు ఈగవుతుంది. ఇది డిగ్రీ పిల్లలు కూడా చేస్తారు.

అసలు కష్టం కడుపులో ఒక్క బాక్టీరియా కూడా లేని ఈగను తయారుచేయడం. గుడ్లను పలుచని బ్లీచ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచితే పైపొర కరిగిపోతుంది. కడిగి, ఆటోక్లేవ్ చేసిన మేతలోకి మార్చాలి. ఈగలు బతుకుతాయి. కానీ మేతలో ఈస్ట్ తగ్గించి చూడండి, పురుగు దశ సాగుతూనే ఉంటుంది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను కలిపితే ఎదుగుదల మళ్లీ పుంజుకుంటుంది.

తమాషా ఏమిటంటే, మనం గుడ్లను కడిగిన బ్లీచ్‌లో సూక్ష్మజీవుల్ని చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. అదే సరుకును ఈగ పేగు డ్యుయోక్స్ అనే ఎంజైముతో సొంతంగా తయారుచేసుకుంటుంది. అయితే దేన్ని చూసి? హానిచేసే బాక్టీరియా విడిచే యురాసిల్‌ను చూసి అని సియోల్‌లో వాన్-జే లీ బృందం 2013లో చూపించింది. ఇంటి బాక్టీరియా చాలావరకు దాన్ని విడవవు, కాబట్టి వాటి జోలికి పోదు.

రెండో ఆయుధం ఐఎండీ మార్గం. బాక్టీరియా గోడ ముక్కలు తగిలితే సూక్ష్మజీవుల్ని చంపే పెప్టైడ్లు పుట్టిస్తుంది. ఆ ముక్కల్ని తునాతునకలు చేసి గోల తగ్గించే ఎంజైములూ ఈగలోనే ఉన్నాయి. పేగులో పెప్టైడ్లు మితిమీరకుండా కాడల్ అనే జన్యువు పగ్గం వేస్తుంది. 2008లో అదే బృందం ఆ పగ్గాన్ని తీసేసి చూసింది. పెప్టైడ్లు పెరిగి మంచి బాక్టీరియా తగ్గింది, గ్లూకోనోబాక్టర్ అనే మరో బాక్టీరియా ఆ చోటు ఆక్రమించింది, పేగు కణాలు చచ్చాయి, ఈగలూ చచ్చాయి. రోగనిరోధక శక్తి అంటే చంపడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రయోగం చదివితే చాలు.

ఇక పనివాడి మాట. ఈగ కడుపులోని బాక్టీరియా చాలావరకు మేతతో లోపలికి పోయి, రెట్టతో బయటికొచ్చి, మళ్లీ మేతతో లోపలికి పోతుంది. తరచూ కొత్త సీసాలోకి మారిస్తే కడుపులో బాక్టీరియా తగ్గుతుంది. పాత సీసాలోనే వదిలేస్తే పెరుగుతుంది. బూజు మందు మోతాదూ తేడా తెస్తుంది. అందుకే ఒకే జాతి ఈగలతో రెండు ల్యాబులు రెండు ఫలితాలు చూస్తే నాకు ఆశ్చర్యం లేదు.

ఎల్బీ నగర్, నాగోలు దాటి ఉప్పల్ రోడ్డు మీదుగా సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లోని ఈగల ల్యాబులకు పోయే మన పిల్లలకు ఒకటే మనవి: నోటుబుక్కులో జన్యువు పేరు పక్కనే మేత వండిన తేదీ, బూజు మందు మోతాదు, సీసా మార్చిన రోజు కూడా రాయండి.