పాత బుల్లెట్, ఉస్తాద్ చెవి

పాత బుల్లెట్ కాళ్ల దగ్గర గరగరమంటే చాలు, చుట్టూ చేరినవాళ్లంతా ‘గేర్‌బాక్సు పోయింది’ అని తేల్చేస్తారు. చాలాసార్లు పోయింది గేర్‌బాక్సు కాదు. ఆ మోత ప్రైమరీ చైనుది కావచ్చు, క్లచ్ బాస్కెట్‌ది కావచ్చు, వెనక చైనుది కావచ్చు. అన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకదాని చప్పుడు ఇంకొకదాని ఒంట్లోంచి వినిపిస్తుంది. ఒక్క బోల్టు విప్పకుండా ఆ చప్పుళ్లను విడదీసి చెప్పగలిగే మనుషులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. హైదరాబాద్‌లో ఉస్తాద్ అంటాం, కోస్తాలో మేస్త్రీ అంటాం. వాళ్లది పనితనమని సరిపెట్టుకోవడం నాకిష్టం లేదు. అది విద్య. సంగీతానికిచ్చే మర్యాద దానికీ ఇవ్వాలి.

నేను చెప్పేది రైట్ గేరు బండి సంగతి. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టి, మన సైన్యానికి నచ్చి, 1955 నుంచి మద్రాసులో తయారైన 346 సీసీ పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్. జానీ బ్రిటన్ అనే రైడరు బుల్లెట్ మీదే 1952లోనూ 1957లోనూ స్కాటిష్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజిన్ వెనక విడిగా బిగించి ఉండేది ఆల్బియన్ నాలుగు గేర్ల పెట్టె. కుడికాలితో ఒకటి పైకి, మూడు కిందికి. పక్కనే న్యూట్రల్ ఫైండర్. తర్వాత ఎడమ గేర్లొచ్చాయి, అయిదు గేర్లొచ్చాయి, ఇంజినూ గేర్‌బాక్సూ ఒకే కేసింగులో ఉండే యూసీఈ బండ్లొచ్చాయి. అవి మంచివే అంటారు, అననివ్వండి. నాకు మాత్రం ఆల్బియనే. తన బాధను దాచుకోకుండా చెప్పుకునే గేర్‌బాక్సు అది. వినేవాడుండాలంతే.

లడఖ్ వెళ్లొచ్చి, కన్యాకుమారి చూసొచ్చి, మీటరు ఓ చుట్టు తిరిగి మళ్లీ సున్నాల దగ్గరికొచ్చిన బండిని ఉస్తాద్ ముందు పెట్టి చూడండి. ముందుగా దాన్ని బాగా వేడెక్కనిస్తాడు. చల్లటి నూనె చిక్కగా ఉండి సగం చప్పుళ్లను మింగేస్తుంది. తర్వాత సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఐడిల్ మీద వదిలి, క్లచ్ పట్టి వదులుతాడు, మళ్లీ పడతాడు. ఆ చిన్న కదలికలోనే సగం రోగం తెలిసిపోతుంది. క్లచ్ వదిలి ఉన్నంతసేపూ మెయిన్ షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, పట్టగానే ఆగిపోతుంది. కాబట్టి పట్టగానే మోత కూడా ఆగిందంటే తేడా నిజంగానే పెట్టె లోపలుంది. అది మెయిన్ షాఫ్టు బేరింగో, స్లీవ్ గేరులో అరిగిన బుష్షో అయ్యుండాలి. పట్టినా మోత మారకపోతే ఇంజిన్ వైపు, ప్రైమరీ వైపు వెతకాలి. పట్టినప్పుడే మొదలైతే క్లచ్‌ను అనుమానించాలి. ఆగిన షాఫ్టు చుట్టూ బాస్కెట్టు ఒక్కటే తిరుగుతుంది కనక దాని బేరింగులోని అరుగుదల అప్పుడే బయటపడుతుంది, బాస్కెట్టు గాడుల్లో వదులైన ప్లేట్లు అప్పుడే గలగలమంటాయి.

రెండోది ప్రైమరీ చైను పరీక్ష. బుల్లెట్‌ది ఒకే సిలిండరు, ప్రతి దెబ్బకీ చైనును గుంజి వదిలేస్తుంది. చైను వదులైతే ఐడిల్‌లో కటకటమంటుంది, కాస్త రేజ్ చేస్తే సర్దుకుంటుంది. ‘రేజ్ చేస్తే పోతోందన్నా, గేర్‌బాక్సులో సామాను లూజైంది’ అని చెప్పేవాణ్ణి నమ్మకండి. చైన్ కేసు మీది చిన్న మూత తీసి చూస్తే తెలుస్తుంది. పావు అంగుళం ఆట ఉండాలి, అది కూడా చైను బాగా బిగుతుగా ఉన్నచోట. వాడిన చైను అంతటా ఒకేలా అరగదు. అందుకే తెలిసినవాడు కిక్కును నెమ్మదిగా తొక్కుతూ, చైనును చుట్టూ తిప్పుతూ, ఆ బిగుతైన చోటు దొరికాకే కొలుస్తాడు. వదులుగా ఉన్నచోట కొలిచి బిగించేస్తే బిగుతైన చోట చైను ఇంజిన్‌నూ క్లచ్‌నూ లాగేస్తుంది. ఎన్ని బేరింగులు అలా పాడైపోయాయో!

సికింద్రాబాద్‌లో ఒక పెద్ద ఉస్తాద్ పని చూడటం నా అదృష్టం. కర్రపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను గేర్‌బాక్సు కవరు మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించేవాడు. ఓ బండి ఐడిల్‌లో సన్నగా టిక్కుటిక్కుమంటోంది. అంతకుముందు చూసిన ఇద్దరు మెకానిక్కులూ గేరు పన్ను విరిగిందన్నారు. ఆయన స్క్రూడ్రైవరు ఒక్కో అంగుళమే జరుపుతూ వచ్చి, కిక్కు షాఫ్టు దగ్గర ఆపాడు. పాదంతో కిక్కు రాడ్డును కొద్దిగా పైకి నెట్టాడు. టిక్కు ఆగింది. వదిలాడు, మళ్లీ మొదలైంది. కిక్కు పాల్ పూర్తిగా వెనక్కి మడుచుకోకుండా, లోపల తిరిగే గేరు పళ్లమీద జారుతోందన్నమాట. నేను ఆశ్చర్యంతో చూస్తూ నిలబడిపోయాను. చిన్న ముక్క మార్చడంతో బండి నిశ్శబ్దమైంది. గేర్ల సెట్టు కొనడానికి డబ్బు తెచ్చుకున్న కుర్రాడు ఆయన చేతులు పట్టుకున్నాడు.

రోడ్డు మీద వినడం ఇంకో ఎత్తు. ఈ పెట్టెలో నాలుగో గేరు డైరెక్టు. ఇంజిన్ బలం మెయిన్ షాఫ్టు నుంచి స్లీవ్ గేరుకు నేరుగా పోతుంది, లేషాఫ్టు మీద బరువుండదు. ఒకటి, రెండు, మూడు గేర్లలో ఊళపెట్టి నాలుగులో మెత్తబడిందంటే లేషాఫ్టు బుష్‌లు, దాని గేర్లు అరిగాయి. నాలుగులోనూ అదే మోతంటే స్లీవ్ గేరు బేరింగు, ముందు స్ప్రాకెట్టు, వెనక చైను. అప్పుడు వెనక చైను విప్పి, స్ప్రాకెట్టును చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడాలి. బేరింగు పోతే ఆ ఆట వేళ్లకు తెలుస్తుంది. ఖాళీ వాలులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారనిచ్చే ఉస్తాదులూ ఉన్నారు. అప్పుడింకా మోత మిగిలి ఉంటే ఇంజిన్‌నూ క్లచ్‌నూ ప్రైమరీ చైనునూ లెక్కలోంచి తీసేయొచ్చు.

చివరికి నూనె. తెల్లటి పింగాణీ పళ్లెంలోకి దించి ఎండలో వంచి చూస్తారు. బంగారు రంగు మెరుపు కనిపిస్తే కంచు బుష్‌లు అరుగుతున్నట్టు. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు పెచ్చులొస్తే ఇక ఆ బండిని నడపకూడదు, పెట్టె విప్పాల్సిందే.

ఇంత విద్య ఉన్నచోట ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. వినడం మానేశారు. బండి గేటు దాటగానే ‘ఫుల్ గేర్‌బాక్స్ కిట్’ అని చీటీ రాసేస్తున్నారు. నా మిత్రుడి బండికి ఒక దుకాణంలో గేర్ల సెట్టు మొత్తం మార్చారు. మోత పోలేదు. ప్రైమరీ చైను బిగిస్తే పోయింది. మార్చిన సామాను అసలుదైనా కొంత బాధ తీరేది. కంచు బుష్ పేరుతో మెత్తటి ఇత్తడి, అసలు డబ్బాను పోలిన డబ్బా, దానిమీద మెరిసే స్టిక్కరు! బుష్‌ను దిగ్గొట్టాక రీమరుతో సైజుకు తేవాలన్న ఇంగితం కూడా లేదు. సుత్తితో కొట్టి షాఫ్టు దూర్చేస్తున్నారు. అమ్మకానికి పెట్టిన బండ్లదైతే ఇంకా ఘోరం. ఈ పెట్టెలో పల్చటి గ్రీజు వాడటం పాత అలవాటే. దాన్ని అడ్డం పెట్టుకుని చిక్కటి గ్రీజు దట్టించి మోత నొక్కేసి, కొన్నవాడి నెత్తిన రుద్దుతారు. ఆ చిక్కటి గ్రీజు బుష్‌ల దాకా పోదు. ఇల్లు చేరేసరికి లోపల పొడిపొడి. ఇది వ్యాపారం కాదు, పచ్చి దగా.

ఆ పెద్ద ఉస్తాద్ దగ్గర ఇప్పుడు నేర్చుకునే కుర్రాడెవరూ లేడు. ఐటీఐలో మోటారు మెకానిక్కు చదివే పిల్లల్ని ఏడాదికి కొన్నాళ్లైనా ఇలాంటి షెడ్లలో కూర్చోబెట్టాలని పెద్దల్ని వేడుకుంటున్నాను. బుల్లెట్ క్లబ్బుల వాళ్లకు మరో మాట. మీ ఊరి ఉస్తాద్ ఒక్కో మోత వినిపించి ఇది ఫలానా అని చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసి దాచండి. జూన్‌లో మనాలి దారి పట్టేముందు బండిని ఆయనకు ఓ గంట వినిపించండి. ఆయన ఏ సామానూ మార్చకుండా ‘ఏం లేదు, వెళ్లిరా బేటా’ అన్నా సరే, ఆ గంట కూలీ బేరమాడకుండా పూర్తిగా చేతిలో పెట్టండి.