పిన్‌కోడ్ పట్టని ఇంట్

నారాయణఖేడ్ పిన్‌కోడ్ 502286. సీ భాషలో ఈ సంఖ్యను ‘ఇంట్’ రకంలో దాచి తిరిగి చూపించే చిన్న ప్రోగ్రాం రాస్తే, లాప్‌టాప్ మీద 502286 అనే వస్తుంది. అదే ప్రోగ్రాంను ఆర్డువినో ఊనో ఆర్3 బోర్డులోకి ఎక్కిస్తే -22002 వస్తుంది. లాప్‌టాప్‌లో ఇంట్‌కు 32 బిట్లు, బోర్డులో 16 బిట్లే ఉండటం దీనికి కారణం. 16 బిట్లలో -32768 నుంచి 32767 దాకానే పడుతుంది. 502286లోంచి 65536ను ఏడుసార్లు తీసేస్తే 43534 మిగులుతుంది. అది కూడా ఆ హద్దు దాటిందే కాబట్టి, మరో 65536 తగ్గి రుణసంఖ్యగా కనిపిస్తుంది. కంపైలర్ మహా అయితే ఒక హెచ్చరిక ఇస్తుంది గానీ పని ఆపదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ల తరబడి టర్బో సీ మీద ల్యాబులు నడిచాయి. 8 ఫ్యాక్టోరియల్‌కు 40320 బదులు -25216 రావడం అక్కడ చదివినవాళ్లకు తెలియనిది కాదు. ఆ తప్పు లెక్కకూ ఈ తప్పు పిన్‌కోడ్‌కూ మూలం ఒక్కటే.

ఇంట్ సైజును తేల్చకుండా వదిలేయడం సీ నిర్మాతల అజాగ్రత్త అనుకుంటే పొరపాటు. ఆనాటి యంత్రాలే ఒక కొలతకు కట్టుబడి లేవు. హైదరాబాద్‌నే చూడండి. ఈసీఐఎల్ 1969లో అందించిన టీడీసీ-12 కంప్యూటర్‌లో పదం పొడవు 12 బిట్లు, తర్వాత వచ్చిన టీడీసీ-316లో 16 బిట్లు. కెర్నిగన్, రిచీ 1978 నాటి తమ సీ పుస్తకంలో ఇచ్చిన పట్టికలోనూ ఇదే వైవిధ్యం ఉంది: పీడీపీ-11లో ఇంట్‌కు 16 బిట్లు, ఐబీఎం 370లో 32, హనీవెల్ 6000లో 36. ఏ యంత్రానికి ఏ కొలత సహజమో ఇంట్‌కూ అదే కొలత అన్నది వేగం కోసం చేసిన నిర్ణయం, అప్పటికి సబబైనదే. 1989 నాటి సీ ప్రమాణం కూడా ఇంట్‌కు కనీసం 16 బిట్లు, లాంగ్‌కు కనీసం 32 బిట్లు ఉండాలని మాత్రమే చెప్పింది. పై హద్దు పెట్టలేదు. దాంతో ప్రతి బృందం తన సొంత పేర్లతో సొంత రకాలు నిర్వచించుకుంది, ఒకరి కోడ్ ఇంకొకరి కోడ్‌తో కలిసినప్పుడల్లా ఆ పేర్లు ఢీకొన్నాయి.

1999 ప్రమాణం తెచ్చిన స్టడ్‌ఇంట్ డాట్ హెచ్ ఫైలు ఈ చిక్కును మూడు వాగ్దానాలుగా విడదీసింది. ఇంట్32_టి అంటే సరిగ్గా 32 బిట్లు. ఇంట్_లీస్ట్32_టి అంటే 32కు తగ్గని వాటిలో అన్నిటికన్నా చిన్నది. ఇంట్_ఫాస్ట్32_టి అంటే 32కు తగ్గకుండా ఆ యంత్రం మీద వేగంగా నడిచేది. చివరి రెండూ ప్రతిచోటా ఉండి తీరాలి. మొదటిది మాత్రం యంత్రంలో అలాంటి రకం ఉంటేనే ఉంటుంది. దీన్ని చాలామంది లోపంగా చెబుతారు. నా దృష్టిలో ఈ ఏర్పాటు విలువంతా అక్కడే ఉంది. మోటార్ల నియంత్రణకు వాడే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సీ2000 చిప్పుల్లో అతి చిన్న కొలతే 16 బిట్లు, కాబట్టి అక్కడ యుఇంట్8_టి ఉండదు. దాని మీద ఆధారపడ్డ కోడ్ అక్కడ కంపైలే కాదు. తప్పు జవాబుతో నడిచే ప్రోగ్రాంకన్నా మొదట్లోనే ఆగిపోయే ప్రోగ్రాం వెయ్యి రెట్లు నయం. పోర్టబిలిటీ అంటే ఎక్కడైనా నడవడం ఒక్కటే కాదు, సరిగ్గా నడవలేని చోట ఆ సంగతి ముందే చెప్పడం కూడా.

ఇప్పుడు అన్నిచోట్లా ఇంట్ 32 బిట్లే కదా, ఈ గొడవ ఎందుకన్నది ఒక అభ్యంతరం. ఆర్డువినో ఊనో సంగతి పైన చూశాం. లాప్‌టాప్‌లోనూ భరోసా లేదు: 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32 బిట్లే. ఇంకో అభ్యంతరం బలమైనది. కచ్చితమైన సైజు రాశాక కూడా సీ పాత అలవాటు మానదు. రెండు యుఇంట్16_టి విలువలను గుణిస్తే, ఇంట్ 32 బిట్లున్న యంత్రం ముందు వాటిని ఇంట్‌లోకి మార్చుకుంటుంది. 65535ను 65535తో గుణిస్తే 4294836225. ఇది 32 బిట్ల ఇంట్ గరిష్ఠ విలువ 2147483647ను దాటిపోతుంది, ఆపైన ఏం జరగాలో ప్రమాణం చెప్పదు. గుణించే ముందు ఒకదాన్ని యుఇంట్32_టిగా మార్చుకోవడమే దీనికి విరుగుడు. ఈ అభ్యంతరం న్యాయమైనదే, కానీ అది కచ్చిత రకాలను వదిలేయమని చెప్పదు, లెక్క ఏ సైజులో జరుగుతోందో కూడా చూసుకోమని చెబుతుంది.

అలాగని ప్రతి లూపు కౌంటరుకూ ఇంట్32_టి రాయనక్కర్లేదు. యంత్రం బయటికి వెళ్లే సమాచారానికి, అంటే ఫైలుకూ నెట్‌వర్క్‌కూ సెన్సర్‌కూ, అది తప్పనిసరి. అక్కడ కూడా సైజు సగం పనే చేస్తుంది. 502286ను నాలుగు బైట్లుగా రాస్తే ఒక యంత్రం 0, 7, 170, 14 అని, మరొకటి 14, 170, 7, 0 అని పేరుస్తుంది. వరుస తారుమారై చదివితే అదే పిన్‌కోడ్ 246023936 అవుతుంది. కాబట్టి బైట్ల వరుసను కూడా ఫైలు నిర్వచనంలోనే రాసి పెట్టాలి.

సీ నేర్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. డేటా రకాల పాఠంలో ఇంట్ అంటే ఇన్ని బైట్లు అని బోర్డు మీద ఒకే అంకె వేయకండి. కనీస హద్దు చెప్పండి, సైజాఫ్‌తో రెండు యంత్రాల మీద కొలిచి చూపండి, అదే రోజు స్టడ్‌ఇంట్ డాట్ హెచ్‌ను పరిచయం చేయండి.