డిటెక్టివ్ అడగని ప్రశ్న

భయానక సాహిత్యం గురించీ, సినిమాల గురించీ మన విమర్శ చాలాకాలం క్రితమే ఒక తీర్పు చెప్పింది. 1980లలో చేతబడులతో, క్షుద్రశక్తులతో నిండిన నవలలు వారపత్రికల్ని ముంచెత్తినప్పుడు, అవి పాఠకుల భయాన్ని పెట్టుబడిగా పెట్టుకుని సాగే వ్యాపారమని అభ్యుదయ విమర్శకులు ఎలుగెత్తి చెప్పారు. ఆ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. అయితే తీర్పు సరైనదైనంత మాత్రాన ఆ కోవకు చెందిన ప్రతి రచననూ విచారణ లేకుండానే శిక్షించవచ్చునా? భయాన్ని అమ్ముకోవడం వేరు, భయానికి మూలం వెతకడం వేరు. ఈ తేడాను చూడలేని విమర్శ బద్ధకపు విమర్శ అవుతుంది.

ఈ ఆలోచన నాకు కలిగించినది ‘క్యూర్’ అనే జపాన్ చిత్రం. 1997లో వచ్చిన ఈ సినిమా దర్శకుడు కియోషి కురొసావా. ‘రషోమాన్’ తీసిన అకిరా కురొసావాకూ ఇతనికీ బంధుత్వం లేదు. కొద్దిమంది సాహిత్య విద్యార్థులతో కలిసి దీన్ని చూశాను. సినిమా అయిపోయాక ఒక విద్యార్థి అడిగాడు: “ఇంతకీ డిటెక్టివ్ గెలిచినట్టా, ఓడినట్టా సార్?” చప్పున జవాబు చెప్పలేకపోయాను. హంతకుడు దొరికాడు, చచ్చాడు. అయినా మాలో ఎవరికీ గెలిచినట్టనిపించలేదు. ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న సమాధానమే ఈ వ్యాసం.

ముందుగా, వరస హత్యల కథల్లో పోలీసు డిటెక్టివ్ చేసే పనేమిటో చూద్దాం. నగరం ప్రశాంతంగా ఉంటుంది. ఎక్కడినుంచో ఒక ఉన్మాది వచ్చి ఆ ప్రశాంతతను భగ్నం చేస్తాడు. డిటెక్టివ్ ఆధారాలు ఏరుకుంటూ వాడిని పట్టుకుంటాడు, లేదా కాల్చేస్తాడు. నగరం మళ్లీ ప్రశాంతమవుతుంది. అంటే హింస వ్యవస్థకు బయటిది, వ్యవస్థ సహజంగా నిర్మలమైనది, దాన్ని కాపాడేవాడు పోలీసు అని కథ మనచేత ఒప్పిస్తుంది. ఈ నమ్మకం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు. “ఎవరు చంపారు?” అన్న ఒక్క ప్రశ్న చుట్టూ రెండు గంటలు తిప్పి, “ఎందుకు ఇలాంటి చావులు?” అన్న ప్రశ్నను మన నోట రానివ్వకపోవడమే ఈ కథల అసలు నేర్పు.

‘క్యూర్’ మొదట ఈ అచ్చులోనే మొదలవుతుంది. టోక్యోలో వరసగా హత్యలు జరుగుతుంటాయి. ప్రతి శవం మీదా గొంతు దగ్గర గుణకారపు గుర్తులా రెండు కత్తిగాట్లు. పరిశోధించే డిటెక్టివ్ పేరు తకాబె. ఆ పాత్రను కోజి యకుషొ పోషించాడు. ఇక్కడే కథ అచ్చు తప్పుతుంది. ప్రతిసారీ హంతకుడు వెంటనే దొరుకుతాడు, చేసిన పనిని ఒప్పుకుంటాడు, కానీ ఎందుకు చేశాడో చెప్పలేడు. పైగా ప్రతి హత్యకూ హంతకుడు వేరు. ఒళ్లమ్ముకుని బతికే ఒక స్త్రీని హోటల్ గదిలో చంపినవాడు ఒకడు. భార్యను చంపి కిటికీలోంచి దూకిన బడిపంతులు ఒకడు. తోటి పోలీసును పట్టపగలు వెనకనుంచి కాల్చిన పోలీసు ఇంకొకడు. ఒక పురుషుణ్ని చంపిన వైద్యురాలు మరొకరు. వీళ్లలో ఎవరూ ఉన్మాదులు కారు. నిన్నటిదాకా బడికీ, ఠాణాకూ, ఆసుపత్రికీ వేళకు వెళ్లినవాళ్లు. పోలీసు తన సహోద్యోగిని కాల్చే దృశ్యాన్ని దర్శకుడు దూరంనుంచి, కెమెరా కదపకుండా చూపిస్తాడు. రోజువారీ పనుల్లో అదీ ఒక పని అన్నట్టుంటుంది. గుండె ఝల్లుమనేది తుపాకి మోతకు కాదు, ఆ మామూలుతనానికి.

వీళ్లందరినీ కలిపే దారం మామియా అనే యువకుడు. తన పేరు తనకే గుర్తులేదన్నట్టు తిరుగుతుంటాడు. ఒకప్పుడు మనస్తత్వశాస్త్రం చదివి, మెస్మర్ సిద్ధాంతం మీద, హిప్నాటిజం మీద కృషి చేసినవాడని తర్వాత తెలుస్తుంది. లైటర్ మంట, ఒలికిన నీళ్లు, మెల్లని మాట — ఇవే అతని ఆయుధాలు. ఎదుటివాళ్లను పదేపదే అడిగేది ఒక్కటే: “నువ్వెవరు?” పంతులు తన ఉద్యోగం చెబుతాడు, పోలీసు తన హోదా చెబుతాడు. అతడు మళ్లీ అదే అడుగుతాడు. ఉద్యోగం, హోదా తీసేస్తే చెప్పుకోవడానికి ఏమీ మిగలని మనుషులు వాళ్లు. వైద్యురాలి దగ్గర మరో మెట్టు దిగుతాడు. వైద్యవృత్తిలో ఆడదానిగా ఆమె మింగిన అవమానాన్ని తట్టి లేపుతాడు. అతడు వాళ్లలో ద్వేషాన్ని నాటడం లేదు. అప్పటికే అణిచిపెట్టి ఉన్నదాని మూత తీస్తున్నాడు.

మనిషి తన శ్రమనుంచి, తోటి మనిషినుంచి, చివరికి తననుంచి తానే పరాయి కావడం గురించి మార్క్స్ 1844లోనే రాశాడు. ఆ పరాయీకరణను ఉపన్యాసంలో చెప్పడం తేలిక. ఒక మనిషి “నువ్వెవరు?” అన్న ప్రశ్న ముందు నోరు తెరవలేక నిలబడిపోతే ఎలా ఉంటుందో చూపడం కష్టం. కురొసావా చూపగలిగాడు. భయానక చిత్రమన్న పేరు చూసి దీన్ని పక్కన పెట్టకూడదనడానికి నాకున్న మొదటి కారణం ఇదే.

రెండో కారణం తకాబె ఇల్లు. అతని భార్య ఫుమియె మానసికంగా జబ్బుపడిన మనిషి. బట్టలేవీ వేయకుండానే వాషింగ్ మెషీన్ తిప్పుతుంది. అతను అలిసిపోయి ఇంటికొచ్చి ఆ మెషీన్ ఆపుతాడు. ఇంటికొచ్చే దారి ఆమెకు తెలియకుండా పోతుంది. అతను వెతికి తెచ్చుకుంటాడు. మామూలు కథల్లో ఇలాంటి ఇల్లు డిటెక్టివ్ మీద జాలి పుట్టించడానికి పనికొస్తుంది. ఇక్కడ అది సాక్ష్యంగా మారుతుంది. ఒకనాడు తకాబె ఇంటికి వచ్చేసరికి భార్య ఉరేసుకుని వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. భ్రమ అని మరుక్షణంలో తేలుతుంది. అది భయమా, లోపలి కోరికా? ఆ ప్రశ్నను చిత్రం మనకే వదిలేస్తుంది. చివరికి మామియా ఎదుట తకాబె బద్దలవుతాడు. ఇంట్లోవాళ్ల ముందు కూడా భావాలు బయటపెట్టకూడదని తనకు నేర్పారంటాడు. భార్య తనకు భారమేనని ఒప్పుకుంటాడు. నేరస్థుణ్ని నిలదీయాల్సిన గదిలో పోలీసే వాంగ్మూలం ఇస్తాడు.

ఈ సినిమా ఏ గడ్డ మీద పుట్టిందో గుర్తుంచుకోవాలి. 1990ల మొదట్లో జపాన్‌లో భూముల, షేర్ల ధరల బుడగ పగిలింది. 1995 జనవరిలో కోబె భూకంపం ఆరువేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అదే ఏడు మార్చిలో ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా టోక్యో భూగర్భ రైళ్లలో సరిన్ విషవాయువు వదిలింది. ఆ ముఠాలో పెద్ద చదువులు చదివినవాళ్లూ, వైద్యులూ ఉన్నారు. 1997 నవంబరులో వందేళ్ల చరిత్ర ఉన్న యమాయిచి సెక్యూరిటీస్ కుప్పకూలింది. మరుసటి నెలలో ‘క్యూర్’ థియేటర్లకు వచ్చింది. 1998లో ఆ దేశంలో ఆత్మహత్యల సంఖ్య 30 వేలు దాటింది, 2011 దాకా ఏ ఏడూ అంతకు దిగలేదు. జీవితకాలపు ఉద్యోగం మీద మధ్యతరగతి పెట్టుకున్న నమ్మకం కూలిపోతున్న కాలమది. లెక్కలు బయటికి రాకముందే కళాకారుడి చెవికి ఆ పగుళ్ల చప్పుడు వినబడిందని నేననుకుంటాను.

ఇంత మెచ్చుకున్నాక దీని పరిమితిని చెప్పకపోతే విమర్శ అనిపించుకోదు. “ఎవరు?” అన్న ప్రశ్నను బద్దలుకొట్టిన చిత్రం “ఎందుకు?” దగ్గరికి వచ్చేసరికి జంకింది. మామియా వెనక మెస్మర్, ఆ వెనక పందొమ్మిదో శతాబ్దం చివర తీసిన ఒక హిప్నాటిజం ఫిల్ము, చివరికి పాడుబడ్డ భవనంలో ఒక పాతకాలపు గొంతు రికార్డు. ఇలా కారణం సమాజంలోంచి జారి రహస్యంలోకి వెళ్లిపోతుంది. బడిలో, ఠాణాలో, ఆసుపత్రిలో మనుషుల్ని అణిచినదేదో ఆ రికార్డులో దొరకదు. అంతుచిక్కకపోవడమే కళకు అందమని కొందరు మిత్రులు వాదిస్తారు. అంతుచిక్కనితనం పాఠకుణ్ని ఆలోచించమంటే అందమే. తలవంచి ఊరుకోమంటే మాత్రం అది మళ్లీ పాత క్షుద్రశక్తి నవలల వాకిలికే చేరుస్తుంది.

ఇంకో లోపం ఫుమియెకు సంబంధించినది. చిత్రం ఆమెతోనే మొదలవుతుంది. ఆసుపత్రిలో ఆమె ‘బ్లూబియర్డ్’ కథ చదువుతుంటుంది. పెళ్లాడిన స్త్రీలను చంపే భర్త కథ అది. అంటే రాబోయేదేమిటో చిత్రానికి ముందే తెలుసు. అయినా ఆ ఇంటి నాలుగు గోడల మధ్య ఆమెకు ఏమైందో, ఎందుకు జబ్బుపడిందో ఒక్కసారైనా అడగదు. తకాబె ఇన్ని ఇళ్లు సోదా చేస్తాడు, తన ఇంటిని ఒక్కనాడూ చేయడు. డిటెక్టివ్ అడగని ప్రశ్న అదే. దర్శకుడు కూడా దాన్ని అతనికి గుర్తుచేయలేదు.

ఇక ముగింపు. తకాబె మామియాను కాల్చి చంపుతాడు. ఆసుపత్రిలో ఫుమియె శవం, గొంతు మీద ఆ గుర్తుతో, రెప్పపాటు కనిపిస్తుంది. తర్వాత తకాబె ఒక రెస్టారెంటులో కూర్చుని ఉంటాడు. ఇంతకుముందు అదే చోట భోజనం ముట్టకుండా వదిలేసిన మనిషి, ఇప్పుడు పళ్లెం ఖాళీ చేసి కాఫీ తాగుతాడు. ముఖంలో అలసట లేదు. బల్లలు సర్దుతున్న పరిచారిక చేతిలోకి కత్తి వస్తుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. ‘క్యూర్’ అంటే నయం కావడం. నయమైనది తకాబె జబ్బు కాదు, అతన్ని అంతదాకా తొలిచిన అంతరాత్మ. ప్రశ్నలు ఆగిపోయాయి కనుక ఆకలి వేసింది. విద్యార్థి ప్రశ్నకు నా జవాబు ఇది: డిటెక్టివ్ గెలిచాడు, మనిషి ఓడిపోయాడు. ప్రశ్నించడం మానుకున్న మనిషి హాయిగా ఉంటాడనీ, ఆ హాయి ఎంత భయంకరమైనదో చూడమనీ ఈ ముగింపు చెబుతోంది. దాన్ని నిరాశావాదమని కొట్టిపారేయలేను.

అదే దర్శకుడు 2008లో ‘టోక్యో సొనాటా’ తీశాడు. అందులో దయ్యం లేదు, హంతకుడు లేడు. తన విభాగం పని చైనాకు తరలిపోయి ఉద్యోగం ఊడిన ఒక తండ్రి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ సూటు వేసుకుని బయల్దేరుతాడు, పార్కులో ఉచిత భోజనం వరసలో నిలబడతాడు. ‘క్యూర్’ దాచిన “ఎందుకు” అక్కడ పగటి వెలుతురులో కనిపిస్తుంది. ఈ రెండు చిత్రాల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడమని విద్యార్థి మిత్రులకు నా సూచన. మొదటిది రోగాన్ని పట్టుకుంది, రెండోది రోగకారణం దగ్గరికి నడిచింది.

మన కథల్లోనూ పోలీసులున్నారు, హంతకులున్నారు. చాలాచోట్ల దుర్మార్గుడు ఒక్కడే ఉంటాడు, వాడు చస్తే కథ ముగుస్తుంది. ఆ భూస్వామి చచ్చాక ఊరు మారిందా, ఆ గుమాస్తా ఇంట్లో భార్య ఎందుకు మాట్లాడటం మానేసింది అని మనం ఎన్నిసార్లు అడిగాం? దోషి పేరు చెప్పగానే డిటెక్టివ్ పని అయిపోతుంది. రచయిత పని అక్కడ మొదలవుతుంది. ఆ పని చేస్తూ చేస్తూ, సొంత ఇంటి తలుపు కూడా ఒకసారి తట్టవలసి ఉంటుంది.