వివేకచంద్రికయా? అదృష్టచక్రమా?

ఒక గ్రంథమునకు రెండు పేళ్లుండుట వింత గాదు. ఆ రెండును పరస్పరము విరోధించుట మాత్రము వింతయే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878వ సంవత్సరమున వివేకవర్ధనిలోఁ బ్రకటింప మొదలిడిన రాజశేఖరచరిత్రమునకు వివేకచంద్రిక యని నామాంతర ముంచిరి. హచ్చిన్సను దొర దాని నాంగ్లీకరించి 1887లో లండనునందుఁ బ్రకటించినపుడు 'అదృష్టచక్రము' అను నర్థము గల పేరు పెట్టెను. వివేకమును బోధింప వ్రాసిన కథ యొక పాఠకునికి అదృష్టకథగా నెట్లు తోఁచెను? దొర పొరపడెనా? కథయందే యట్టి దేమైన నున్నదా?

కథానాయకుఁడగు రాజశేఖరుఁడు ధవళేశ్వరమున సంపదతోఁ దులఁదూగుచుండినవాఁడు. చెడ్డవాఁడు కాఁడు, చదువుకొన్నవాఁడు, దాత, ఆలుబిడ్డలయం దనురాగము గలవాఁడు. తన బుద్ధికిఁ బని చెప్పక యొరుల మాటకుఁ జెవి యొగ్గుటయే యతని లోపము. జాతకము చెప్పువాని మాట నమ్మును. ముఖస్తుతి చేయువాని మాట నమ్మును. తుదకు బంగారము చేసెద నని వచ్చిన బైరాగి మాటయు నమ్మును. బైరాగి యింటనున్న బంగారమును గూడఁ గొని మాయమగును. సొమ్ము పోయిన పిమ్మట స్తుతిపాఠకులును మాయమగుదురు. ఇంతవఱకు గ్రంథము నిర్దుష్టము. జరిగిన ప్రతి నష్టమునకును గారణము మన కన్నులయెదుటనే యున్నది. రాజశేఖరుఁడు తన నొసటి వ్రాతను దూఱుకొనినను గ్రంథకర్త యా మాటకు లొంగక, వ్రాసినది బ్రహ్మ గాదు, నీవే యని చదువరిచేత ననిపించును. తెనుఁగు వచనమున నీ పని యింత నేర్పుగా మఱియొకరు చేయుటకుఁ జాలకాలము పట్టినది.

ఉత్తరభాగమునకు వచ్చునప్పటికి దారి మాఱినది. కుటుంబము కాశీయాత్రకు వెడలును, దొంగలు దోఁచుకొందురు, రాజశేఖరుఁడు చెఱసాల పాలగును. పిదప, దారిలో వీరివలన నుపకారము పొందిన బాటసారి మాఱువేషమున నున్న పెద్దాపుర ప్రభువని తేలును. ఆయన వచ్చి చెఱ విడిపించును, దుష్టులను దండించును, పోయిన సంపదను మరల నిప్పించును. గోల్డుస్మిత్తు 1766లో వెలువరించిన నవలయందును నిట్లే ప్రచ్ఛన్నుఁడగు ప్రభు వొకఁడు కథను దరిఁ జేర్చును. పంతులుగారు తక్కినవి యెన్నియో మన దేశాచారములకుఁ దగినట్లు మార్చిరి గాని యీ ప్రభువును మాత్రము వదలలేకపోయిరి.

ఒకనాఁడు తరగతిలో నీ ఘట్టమును జదివించుచుండఁగా వెనుకబల్లనుండి యొక బాలుఁడు లేచి, "అయ్యవారూ, ఆ బాటసారి రాజు గాక వట్టి బాటసారియే యైనచో వీరి గతి యేమి?" అని యడిగెను. ఇరువదియేండ్లుగాఁ బాఠములు చెప్పుచున్న మాకు వెంటనే సమాధానము తోఁచలేదు. ఆ బాలుఁడు క్రిందటి పరీక్షలోఁ దప్పినవాఁడు; తన జాతకము మంచిది కాదని యింటివారు చెప్పఁగా నమ్మినవాఁడు. వాని ప్రశ్న సాహిత్యప్రశ్న మాత్రము కాదు.

వారు రాజని యెఱుఁగకయే యుపకారము చేసిరి గనుక, లభించినది సత్కర్మఫలమే గాని యదృష్టము గాదని కొంద ఱనవచ్చును. ఈ సమాధానమును మేమును జాలసేపు విచారించితిమి. బాటసారి పేదవాఁడైనను నుపకార ముపకారమే. అందులకు సందియము లేదు. కాని చెఱసాల తాళము తీసినది యుపకారము గాదు, రాజముద్ర. ఆ ముద్ర గలవాఁడే యా దారిని వచ్చుట యాదృచ్ఛికము. కాఁబట్టి హచ్చిన్సను దొర పెట్టిన పేరు కథాంతమునకుఁ దగియే యున్న దని మే మొప్పుకొనక తప్పదు.

అయినను గ్రంథముననే మఱియొక సమాధాన మున్నది. దొంగల చేతఁ జిక్కి, చనిపోయె నని తలిదండ్రులు విడిచిపోయిన రుక్మిణి యడవిలో నొంటిగాఁ దెలివి దెచ్చుకొనును. ఆమె యే దేవతను బిలిచి కూర్చుండలేదు, ఏ ప్రభువు రాకకు నెదురుచూడలేదు. స్త్రీరూపమున నొంటిగాఁ దిరుగుట యపాయమని తలఁచి పురుషవేషము దాల్చి, గ్రామము చేరి, తన్నుఁ దాను గాపాడుకొనెను. శాస్త్రములు చదివిన తండ్రికి లేని వివేకము కష్టమున నామెకుఁ గలిగినది. గ్రంథకర్త యీ రుక్మిణిని గథకు నడుమ నిలిపియుండిన యెడల వివేకచంద్రిక యను పేరు తుదివఱకు సార్థకమై యుండెడిది.

పంతులుగారి జీవిత మీ విషయమున వారి నవలకంటె మిన్న. ఆయనయు నుపాధ్యాయుఁడే. 1879లో వితంతువివాహమును గూర్చి యుపన్యసింప మొదలిడి, 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వివాహమును జేయించిరి. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి, నిజమే. కాని యా సహాయము పనికిఁ బూనుకొనినవానికి లభించినదే గాని వీథియరుఁగుపైఁ గూర్చుండి జాతకము చూపించుకొనువానికి లభించినది గాదు.

అదృష్టము లేనే లేదని మే మనము. ఆఁకలితో బడికి వచ్చు బాలునితో నీ శక్తియే నీకుఁ జాలునని చెప్పుట క్రౌర్యము. వానికి మొదట నన్నము పెట్టవలయును. పెట్టవలసినవారమును మనమే గాని రానున్న రాజెవ్వఁడును గాఁడు.

మఱునాఁ డా బాలునితో, "రాజు రాకున్నఁ దండ్రి గతి యేమో మేము చెప్పలేము, రుక్మిణి మాత్రము బ్రదుకును" అంటిమి. వాఁడు పుస్తకమును మా చేతినుండి తీసికొని యా ప్రకరణమును మరలఁ జదువ మొదలిడెను.